ఈల తరువాత నవ్వు

కురుందో వాగు,
మార్చి 9

చెల్లీ రుబియేలా,

ఊరి దాకా వచ్చి, సొంత అన్న ఇల్లెక్కకుండా వెళ్ళిపోయేంత తప్పు మేమేం చేశామో కాస్త రాయి.

మొన్న గురువారం తెల్లవారగానే, మంచు ఇంకా విడవకముందే, వాగు పైపాయలో నీ ఈల విన్నాను. చెంప మీద వేలితో తడుతూ కొకొయ్ కప్పని పిలిచే ఈల మన ఊళ్ళో పదిమందికి వచ్చు. కానీ చివర్లో రెండుగా చీలేది నీ ఒక్కదాని ఈలే. ఆ చీలికకి కారణమైన పన్ను విరగ్గొట్టింది నేనే కదా, పడవ గడ తిప్పబోయి. అప్పట్నుంచీ ఆ చీలిక నా చెవిలోనే ఉంది, పొరపడే ప్రశ్నే లేదు. ఈల తర్వాత నువ్వు నవ్వావు కూడా.

మీ వదిన ఒలివా అప్పటికప్పుడు పచ్చరటికాయలు ఉడకేసింది. పొయ్యి మీద వేలాడుతున్న పొగచేప దించింది. "ఇంట్లోకి ఎక్కే మెట్ల దుంగ సరిగ్గా తిప్పవయ్యా, గాట్లు పైకుండాలి. బోర్లా ఉంటే రావద్దన్నామనుకుని అట్నుంచటే పోతుంది మహాతల్లి" అని నన్ను కిందకి తరిమింది. తిప్పాను. మధ్యాహ్నం దాకా ఇద్దరం వాగు వైపు చూస్తూ కూర్చున్నాం. చివరికి ఆ చేప కుక్క తింది.

ఇంకో సంగతి. ఆ రోజు నుంచి పైపాయలో కప్పలు సరిగ్గా పలకడం లేదు. ఈ ఏడు వాగు కాపలా పెద్దలు నాకు అప్పగించారని నీకు తెలుసు. కాబట్టి కాపలావాడిగానే అడుగుతున్నాను. ఎందుకొచ్చావు? ఎవరితో వచ్చావు? ఈ ఉత్తరం జైరో పడవలో పంపుతున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

అన్న,
అర్గెమీరో

~

పెరేరా,
ఏప్రిల్ 2

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జనవరి నుంచి నేనీ ఊరు దాటలేదు. నువ్వు విన్నది ఏ పిట్ట కూతో అయ్యుంటుంది. నలభై దాటాయి నీకు. వదిన చేత చెవుల్లో ఏదైనా పసరు పోయించుకో. కుక్కకి పెట్టిన చేప మాత్రం నా ఖాతాలో వేయకు.

ఇక్కడ కప్పల్ని పెంచి అమ్మే చోట నా పని ఎప్పటిలాగే ఉంది. సీసాల్లో పండ్ల ఈగల్ని పెంచడం, వాటి మీద బలం పొడి చల్లి గాజు పెట్టెల్లో కప్పల ముందు విదిలించడం. మన కొకొయ్‌లు కూడా ఉన్నాయి, ఇక్కడే పుట్టినవి. అదే నల్ల ఒళ్ళు, అవే బంగారు చారలు, కానీ విషం చుక్క కూడా లేదు. అడవి నేల మీద పాకే చీమా పురుగూ పొట్టలో పడితేనే కదా ఒంట్లో విషం ఊరేది. ఈగలు తిన్నదానికి ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే మా యజమాని ఎవెలియో గారు, చూడటానికి వచ్చినవాళ్ళ ముందు కొకొయ్‌ని ఉత్త చేత్తో పట్టుకుని ముద్దు పెట్టుకుంటారు. వాళ్ళు చప్పట్లు కొడతారు. అమ్మ చూసుంటే అక్కడే మూర్ఛపోయేది.

ఈ మధ్య వెనకవైపు గదికి ఒకదానికి తాళం వేసి ఉంచుతున్నారు. కొత్తవి వచ్చాయట, మా చేతులు తగలకూడదట. నాలుగేళ్ళ నుంచి పగలంతా కప్పల మధ్యే ఉన్న నా చేతులకి ఇప్పుడు కొత్తగా ఏమొచ్చిందో తెలియదు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. వదిన ఈ మధ్య చిన్న బుట్టలు, మూత ఉన్నవి, ఎవరికైనా అల్లి ఇచ్చిందా? ఊరికే అడిగాను.

నీ చెల్లి,
రుబియేలా

~

కురుందో వాగు,
మే 1

పట్నవాసి రుబియేలా అమ్మగారి సముఖానికి,

తమరు ఊరికే ఏదీ అడగరు. పాలపళ్ళ నాటి నుంచీ అంతే. తమరి వదిన బుట్టలు అల్లుతుంది, ఇస్మినా రేవులో కూర్చుని అమ్ముతుంది. తమరు పట్నం వెళ్ళేటప్పుడు బట్టలు సర్దుకున్నది కూడా ఆ బుట్టలోనే. ఇంకా ఏమైనా విచారించాలా?

ఇక సరసాలు చాలు. పిట్ట అన్నావు. పిట్ట నవ్వదు. ఈ నెలన్నరలో నీ ఈల మళ్ళీ రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ నవ్వు కూడా విన్నాను. రెండోసారి వల పడేసి పరిగెత్తాను. నేను చేరేసరికి ఎవరూ లేరు. బురదలో ముగ్గురి బూట్ల అడుగులు ఉన్నాయి. ఆ ముగ్గురిలో నువ్వు ఒకతెవా కాదా అని అడుగు పక్కన నా పాదం పెట్టి చూశాను. ఎంత సిగ్గుగా అనిపించిందో నీకు రాయలేను.

ఆకులు ఎత్తి చూశాను. తొమ్మిది చోట్ల గుడ్లు ఎండిపోయి ఆకుకి తోలులా అతుక్కుపోయాయి. నీకు చెప్పక్కర్లేదు, అయినా చెబుతాను, మర్చిపోయినట్టున్నావు కాబట్టి. ఈలకి బదులు పలికేది మగదే. గుడ్ల దగ్గర కూర్చుని వాటిని తడుపుతూ కాపాడేదీ, పిల్లలు బయటికొచ్చాక వీపు మీద ఎక్కించుకుని నీళ్ళున్న చోటికి మోసుకెళ్ళేదీ అదే. ఈల వినగానే ఇంకో మగది తన చోటు లాక్కోవడానికి వచ్చిందనుకుని గుడ్లు వదిలి బయటికి ఉరుకుతుంది. అలా ఉరికినవాటిని ఎవరో ఎత్తుకుపోయారు. ఒకదాన్ని కాదు, పైపాయలో బదులు పలికిన తండ్రులందరినీ.

పెద్దలు వచ్చి వాగు ఒడ్డున కూర్చున్నారు. పలుకుకి ఒక మొక్కజొన్న గింజ చొప్పున సొరకాయ బుర్రలో వేశారు. పోయినేడు బుర్ర అడుగు కనబడలేదు. ఈసారి పదకొండు గింజలు. పదికి పడితే పైపాయ మూసేస్తారు, చేప లేదు, వేట లేదు. నసారియో పెద్ద ఆ గింజలు అరచేతిలో పోసుకుని నా మొహం ముందు పెట్టాడు.

"ఏరా అర్గెమీరో, కాపలా నీదే కదా? కప్పలకి కాళ్ళున్నాయి, ఒప్పుకుంటా. పడవెక్కి టికెట్టు కొనుక్కుని పోవు కదరా?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ఏం చేయాలో తెలియక. మొక్కజొన్న పండగ దాకా గడువిచ్చారు. అప్పటికి దొంగ పేరు చెప్పకపోతే దొంగని నేనే.

నేనేం విన్నానో వాళ్ళకి చెప్పలేదు. చెబితే ఎవరి పేరు చెప్పాల్సి వస్తుందో నీకు తెలుసు. ఎక్కే దుంగని బోర్లా తిప్పేశాను. నువ్వు నిజం రాసేదాకా అది అలాగే ఉంటుంది.

అర్గెమీరో

~

పెరేరా,
జూన్ 5

అర్గెమీరో అన్నకి,

నువ్వు బూట్ల అడుగులు చూశావు. నేను బుట్టలు చూశాను. ఇక దాచి లాభం లేదు, అడిగేస్తాను.

తాళం వేసిన గది వెనక చెత్తలో ఆరు బుట్టలు పడి ఉన్నాయి. మూత మీద చేప ముల్లు అల్లిక, నాలుగో వరసలో ఒక పోగు తప్పు. ఆ తప్పు వదిన పెళ్ళయిన నాటి నుంచీ చేస్తోంది, మనం నవ్వితే "అది నా సంతకంలే" అంటుంది. లోపల వాడిపోయిన ఆకులున్నాయి. వాసన చూశాను. మన పైపాయ ఒడ్డు వాసన నాకు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. కప్పలు పడవెక్కి పోవు అన్నాడన్నావు నసారియో పెద్ద. మా వదిన బుట్టల్లో కూర్చుని ఎక్కాయి అని చెప్పు.

ఇంకా విను. పోయిన వారం మా కాపలావాడి కోడిపెట్ట, ఆ గదిలోంచి పారేసిన తడి కాగితాన్ని పొడిచింది. నాలుగడుగులు వేసి పక్కకి ఒరిగింది. మళ్ళీ లేవలేదు.

"దానికి వయసైపోయింది పాపం" అన్నాడు ఎవెలియో.

"ఆర్నెల్ల పెట్టకి వయసైపోవడమేంటి సార్, ఇంకా రెండో విడత గుడ్లు కూడా పెట్టందే!" అని కాపలావాడి పెళ్ళాం గొడవ. ఆమెకి ఇంకో కోడిని కొనిచ్చి నోరు మూయించాడు.

ఈగలు తిన్న కప్ప నడిచిన కాగితంతో కోడి చావదు అన్నయ్యా. ఆ గదిలో ఉన్నవి అడవివి. వాటికి ఇక్కడే పుట్టాయని కాగితాలు రాసి విమానం ఎక్కిస్తున్నారు. కొండకి అవతలి వాగు కప్పలకి చార ఆకుపచ్చ. కాగితంలో బంగారు చార అని ఉంది, నా కళ్ళతో చదివాను. అంటే మన వాగువే. తెచ్చిందెవరు? ఏ ఆకు కింద ఏది ఉంటుందో తెలిసినవాడు, ఎవరూ అడ్డగించనివాడు, కాపలా తన చేతిలోనే ఉన్నవాడు.

వాళ్ళు నీకేం ఇచ్చారో అడగను. ఎందుకు ఒప్పుకున్నావో ఒక్క మాట రాయి. నీ కష్టమేంటో నాకు చెప్పి ఉండాల్సింది.

రుబియేలా

~

కురుందో వాగు,
జులై 3

రుబియేలా,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. కాళ్ళు బొండకొయ్యలో పెట్టుకుని రాస్తున్నాను. రెండు దుంగల మధ్య చీలమండలు బిగిస్తే నడుము ఎటూ తిరగదు, కాగితం మోకాలి మీద నిలవదు. దొంగ పేరు చెప్పనందుకు మూడు రోజులు వేశారు, ఇది రెండోది. ఇక్కణ్ణుంచి చూస్తే పండగకి మొక్కజొన్న కల్లు, చిచా, కాచే కుండలు కనబడుతున్నాయి. పోయే వచ్చే పిల్లలందరూ నా బొటనవేలు లాగి పోతున్నారు.

నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపించాను. బుట్టల మాట దగ్గర ఆమె అల్లిక కింద పెట్టేసింది. ఫిబ్రవరిలో ఇస్మినా రేవులో పసుపు బూట్లవాడెవడో ఆరు బుట్టలు చెప్పి చేయించుకున్నాడట. "కాస్త వదులుగా అల్లమ్మా, గాలి ఆడాలి, తేనెటీగల్ని పెట్టుకుంటా" అన్నాడట. ఈమె నమ్మింది. నువ్వు మొదటిసారి అడిగినప్పుడే గుర్తొచ్చిందట గానీ నాకు చెప్పడానికి భయపడింది. ఇప్పుడు ఏడుస్తూ తన కాళ్ళు కూడా కొయ్యలో పెట్టమంటోంది. పెద్దలు వద్దన్నారు, రెండే కన్నాలున్నాయి కాబట్టి.

నువ్వు అడిగినదానికి జవాబు. నేను ఎవరికీ ఒప్పుకోలేదు. ఒక్క కప్ప ఇవ్వలేదు. నమ్ముతావో మానుతావో నీ ఇష్టం.

పంచాయితీలో నసారియో పెద్ద సూటిగానే అడిగాడు.

"వాగులో ఎవరి ఈలైనా విన్నావురా?"

"లేదు పెద్దా."

"ఒట్టు?"

"ఒట్టు."

పెద్దల ముందు నేనాడిన మొదటి అబద్ధం ఇది. నిన్ను ఆ కొయ్యలో ఊహించుకోలేకపోయాను. అంతే, ఇంకే గొప్పా లేదు.

ఇక్కడ కూర్చుంటే ఆలోచించడం తప్ప పనేమీ లేదు. మొత్తం నాలుగుసార్లు విన్నాను ఆ ఈల. మూడు ఈలలు, ఒక చిన్న ఆపు, తర్వాత నవ్వు. నవ్వు మధ్యలో ఊపిరి అందక ఒక ఎక్కిలి. నాలుగుసార్లూ అదే ఆపు, అదే చోట అదే ఎక్కిలి. నిన్ను పెంచినవాణ్ణి నేను, నీ నవ్వులెన్నో నాకు తెలుసు. ఏ మనిషీ నాలుగుసార్లు ఒకేలా నవ్వడు. వాగుకి వచ్చింది నువ్వు కాదు. కానీ నవ్వు నీదే.

ఎవరికిచ్చావు?

అర్గెమీరో

~

పెరేరా,
జులై 19

అన్నయ్యా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది చించను.

నవంబరులో బయటి దేశం నుంచి కొనేవాళ్ళు వచ్చారు. ఆ రోజు కప్పలు ఒక్కటీ పలకలేదు. "మూగవాటిని పెంచుతున్నారా?" అని వాళ్ళలో ఒకాయన ఎగతాళి చేశాడు. ఎవెలియో మొహం మాడిపోయింది. నాకు రోషం వచ్చింది. మన కొకొయ్ మూగదా! ముందుకెళ్ళి చెంప మీద తట్టి, అమ్మ నేర్పినట్టు మూడుసార్లు ఈల వేశాను. గది గదంతా పలికింది అన్నయ్యా, మన వాగు మొత్తం అక్కడికి వచ్చేసినట్టు. పట్టలేని సంతోషంతో నవ్వేశాను, ఎక్కిలి కూడా వచ్చింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. జీవితంలో మొదటిసారి కపునియాలు, మన జాతి కానివాళ్ళు, నా కోసం చప్పట్లు కొట్టారు.

"ఇంకోసారి వేయి రుబియేలా, ఇంకోసారి" అని ఎవెలియో అన్నాడు. అప్పుడు చూశాను ఆయన చేతిలో ఫోను. మొదటి ఈలే, నవ్వుతో సహా, అందులో రికార్డయిపోయిందని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం నాకు కేకు తెప్పించాడు. మీ ఊరెక్కడ, ఏ వాగు అని అడిగాడు. కేకు తింటూ అన్నీ చెప్పాను.

ఇప్పుడు అసలు మాట. నీ మొదటి ఉత్తరంలో "నువ్వు నవ్వావు కూడా" అన్న చోట ఆగి మళ్ళీ చదివాను. వాగు ఒడ్డున మోగింది ఆ ఫోనేనని ఆ రోజే నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా పిట్ట అన్నాను. బుట్టలు కనబడగానే ప్రాణం లేచొచ్చింది. నువ్వు దొంగవైతే నేను కేవలం తెలివితక్కువదాన్ని మాత్రమే అవుతాను కదా. అందుకని నిన్ను దొంగని చేసుకున్నాను. నాకు నీ మీద అనుమానం రాలేదు అన్నయ్యా, అది నాకు అవసరమైంది. నువ్వు నా కోసం అబద్ధం ఆడుతుంటే నేను నీ మీద అబద్ధం అల్లుకుంటూ కూర్చున్నాను. నన్ను వీపు మీద ఎక్కించుకుని ఎన్ని వాగులు దాటించావు! ఛీ, నా బతుకు.

మొన్న సోమవారం అటవీ అధికారుల దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. కాపలావాడి పెళ్ళాం కూడా వచ్చింది, కోడి మీద కోపం ఇంకా తీరలేదు ఆమెకి. తాళం పగలగొట్టారు. ముప్పై నాలుగు ఉన్నాయి, మన బంగారు చారవి. అన్నీ మగవే. నేను వెంటనే బుట్టలు సర్దబోయాను. అధికారి ఆపాడు.

"తీసుకెళ్ళడానికి లేదమ్మా. ఎక్కడెక్కడి కప్పలతోనో కలిసి ఉన్నాయి. చర్మం జబ్బు అంటుకుని ఉంటే మీ వాగులో మిగిలినవి కూడా పోతాయి."

నేను పోట్లాడాను. కానీ ఆయన చెప్పింది నిజమేనని నాకు తెలుసు, ఆ జబ్బుతో ఒక గది గదంతా చచ్చిపోవడం ఇక్కడే చూశాను. అవి ఇక గాజులోనే ఉంటాయి. ఇప్పుడెవరూ ఈల వేయకపోయినా పలుకుతున్నాయి. ఆ గది పక్కనుంచి నడవలేకపోతున్నాను.

ఆగస్టు మొదటి గురువారం జైరో పడవలో వస్తున్నాను. ఇంటికి కాదు, నీ దుంగ బోర్లానే ఉండనీ. తిన్నగా నసారియో పెద్ద దగ్గరికి వెళ్తాను. బొండకొయ్య తాళం తీసి ఉంచమని చెప్పు.

రుబియేలా

~

కురుందో వాగు,
అక్టోబరు 12

చెల్లీ రుబియేలా,

నువ్వు వెళ్ళి రెండు నెలలైంది. ఎవెలియో మీద సాక్ష్యం చెప్పే రోజు దగ్గరపడిందని జైరో చెప్పాడు. భయపడకు. మన పెద్దల ముందు నిలబడి చెప్పినదానివి, వాళ్ళ కోర్టు ఏపాటి.

నువ్వు కొయ్యలో కూర్చున్న మూడు రోజులూ మీ వదిన నీకు అన్నం పెట్టింది గానీ నోరు విప్పలేదు. ఇప్పుడు రోజూ నీ ఊసే. "దాని చీలమండలు కమిలిపోయాయి, ఆ పసరు రాసుకుందో లేదో" అని సణుగుతుంది. బుట్టలు అల్లడం మళ్ళీ మొదలుపెట్టింది, కానీ వదులుగా అల్లమంటే ఎవరికీ అల్లదు. నాకు కోపం పోలేదు, ఉన్నమాట రాస్తున్నాను. కొన్ని రోజులు పోతుంది, కొన్ని రోజులు తిరిగొస్తుంది.

నా అబద్ధపు ఒట్టుకి నసారియో పెద్ద ఇంకో రోజు కొయ్య వేశాడు. అది కూడా అయిపోయింది. కాపలా మాత్రం నా దగ్గరే ఉంచాడు. "అబద్ధం ఆడినవాడు ఇంకోసారి జాగ్రత్తగా ఉంటాడులే" అన్నాడు.

పైపాయ మూసేశారు. ఇకమీదట వాగులో ఎవరూ ఈల వేయకూడదని కట్టడి చేశారు, పిల్లలకి కూడా నేర్పకూడదు. అమ్మ ఈల నీతోనూ నాతోనూ ఆగిపోతుంది. అది రాయడానికే ఇన్ని రోజులు పట్టింది నాకు.

ఇప్పుడు పొద్దున్నే వెళ్ళి ఊరికే కూర్చుంటున్నాను. పిలవకుండా వినాలి. మొదటి నెల ఏమీ వినబడలేదు. పోయిన వారం ఆరు పలికాయి, వాటంతట అవే. నిన్న ఒకటి ఆకుల్లోంచి వచ్చింది, వీపు మీద తోకకప్ప పిల్లలు, అయిదో ఆరో. నా బూటు దారికి అడ్డంగా ఉంది. చుట్టూ తిరిగి పోవచ్చు కదా, పోలేదు. బూటు మీదుగానే ఎక్కి, దిగి, నీళ్ళ వైపు వెళ్ళింది. అది దిగేదాకా కాలు కదపలేదు. దిగాక ఏడ్చాను, నీకు కాబట్టి చెబుతున్నాను.

సాక్ష్యం అయ్యాక ఇంటికి రా. దుంగ గాట్లు పైకి తిప్పి ఉంచాను. కానీ ఒకటి చేయాలి. ఈ మధ్య వాగు వైపు ఏ చప్పుడైనా వస్తే, ఆ వెనకే నీ నవ్వు వస్తుందేమోనని ఒళ్ళు బిగుసుకుంటోంది. పోయినసారి వచ్చినప్పుడు నువ్వు ఒక్కసారి కూడా నవ్వలేదు, కాబట్టి నా చెవిలో ఇంకా ఆ ఫోనులో నవ్వే ఉంది. ఈసారి దుంగ కింద నిలబడి ఒకసారి నవ్వు. ఎలాగైనా సరే, ఏడుస్తూ నవ్వినా సరే. దానిలా మాత్రం ఉండకూడదు.

నీ అన్న,
అర్గెమీరో